మంచుదేశంలో వాకిలి ఎవరి కోసం?

మిన్నియాపొలిస్ శివార్లలో మా అమ్మాయి వాళ్ళు కొనుక్కున్న ఇంటికి ఎవరొచ్చినా మా అల్లుడు ముందు పెరట్లోకి తీసుకెళ్ళేవాడు. అక్కడ రెండు రంగుల సిమెంటు పలకలు మార్చి మార్చి పరిచిన పెద్ద వేదిక ఉంది. దాన్ని ప్యాటియో అంటారు. మధ్యలో గుండ్రంగా రాళ్ళు పేర్చిన చలిమంట గుంట, చుట్టూ కూర్చోడానికి మోకాలెత్తు గోడ. వచ్చినవాళ్ళు "భలే చేయించారండీ!" అని ఫొటోలు దిగి వెళ్ళేవాళ్ళు. 2022 వేసవిలో దానికి అయిన ఖర్చు పద్ధెనిమిదివేల డాలర్లు. రూపాయల్లో ఎంతని అడక్కండి. ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను పడింది మాత్రం ఆ పెరట్లో కాదు. ముందువైపు, కారు ఆగే చోటి నుంచి గుమ్మందాకా ఉన్న మూడడుగుల వెడల్పు సిమెంటు దారిలో. 2023 జనవరి నెల. రెండో మనవరాలికి అప్పటికి మూడో నెల వచ్చింది. కారులోంచి కూరల సంచీ తీసుకుని వస్తున్నాను. నేల తడిగా ఉందనుకున్నాను. అది తడి కాదు, గాజుపలకలా గడ్డకట్టిన నీళ్ళు. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. బిడ్డకి నీళ్ళు పోయడానికి వెళ్ళినదాన్ని, మా అమ్మాయి చేత అన్నం కలిపించుకుని తిన్నాను.

నా తప్పు కూడా ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇది చదివి మా అమ్మాయి ఫోన్ చేస్తుంది. నా కాళ్ళకి ఆరోజు హవాయి చెప్పులున్నాయి. "అమ్మా, బూట్లు వేసుకో" అని అది వందసార్లు చెప్పింది. "నాలుగడుగులకి బూట్లెందుకే" అన్నాను. ఆ నాలుగడుగుల్లోనే పడ్డాను. మంచుదేశం వెళ్ళే తల్లులందరికీ మొక్కి చెబుతున్నాను, బూట్ల కిందికి తొడుక్కునే ముళ్ళపట్టీలు దొరుకుతాయి, వెళ్ళిన వారంలోనే కొనిపించుకోండి.

కానీ కట్టు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న ఆ ఆరువారాల్లో నాకొక సంగతి అర్థమైంది. తప్పు నా చెప్పులది మాత్రమే కాదు. ఇంటికప్పు మీది నీళ్ళు దిగే చూరు గొట్టం తిన్నగా ఆ నడకదారి పక్కన తెరుచుకుని ఉంది. ఆ ఇంటి ముఖం ఉత్తరానికి. చలికాలంలో ముందువైపు ఎండ పడదు. ఏ రోజైనా కాస్త వెచ్చబడితే కప్పు మీది మంచు కరిగి, గొట్టంలోంచి దిగి, దారికి అడ్డంగా పారుతుంది. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి మళ్ళీ గడ్డకడుతుంది. పల్చగా, నల్లగా, కింది సిమెంటు కనిపించేలా ఉంటుంది కాబట్టి మంచు అని ఎవరికీ తోచదు. ఆ గొట్టాన్ని పక్కకి తిప్పి పదడుగులు పొడిగించడానికి వంద డాలర్లు కూడా కావు. పద్ధెనిమిదివేలు ఖర్చుపెట్టిన ఇంట్లో ఆ వంద ఎవరికీ గుర్తుకు రాలేదు.

కిటికీ దగ్గర నాకు వేరే పని లేదు కాబట్టి లెక్కపెట్టాను. నేను వెళ్ళిన అక్టోబరు చివరి నుంచి తిరిగొచ్చిన మార్చిదాకా ఆ ప్యాటియో మీద కాలు పెట్టినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా మనవడు, మంచుబొమ్మ చేయడానికి. రెండోది ఎవరిదో కుక్క. ఆ చలికాలం ఆ ఊళ్ళో దాదాపు 90 అంగుళాల మంచు కురిసింది. వాళ్ళ రికార్డుల్లోనే అతి ఎక్కువ మంచు పడిన చలికాలాల్లో అదొకటి. ప్యాటియో, చలిమంట గుంట, మోకాలెత్తు గోడ, అన్నీ ఆ మంచు కిందే ఉన్నాయి. ముందువైపు దారి మీద మాత్రం మా అమ్మాయి రోజుకి ఎనిమిది, పదిసార్లు తిరిగేది. ఒక చేతిలో పసిబిడ్డ బుట్ట, రెండో చేత్తో పెద్దాడి రెక్క, భుజాన సంచీ. స్కూలు బస్సు దగ్గరికి ఒకసారి, ఉత్తరాల పెట్టె దగ్గరికి ఒకసారి, చెత్తడబ్బా తొయ్యడానికి ఒకసారి. మంచు పడ్డప్పుడల్లా పార పట్టుకుని తీసేది కూడా చాలా రోజులు అదే, ఎందుకంటే అల్లుడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. మిన్నియాపొలిస్ ఊళ్ళో అయితే మంచు ఆగిన 24 గంటల్లోగా ఇంటిముందు కాలిబాట శుభ్రం చేయడం ఇంటివాళ్ళ బాధ్యత. అది నగరపాలక సంస్థ నియమం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఆ పెరడు కట్టించేటప్పుడు నిన్నడగలేదుటే?"

"అడిగారమ్మా" అంది.

"ఏమని?"

"ఏ రంగు పలకలు కావాలని."

అందుకే ఇది రాస్తున్నాను. మా అల్లుడు మంచివాడు. అంట్లు తోముతాడు, డైపర్లు మారుస్తాడు, నాకు కట్టు ఉన్నన్నాళ్ళూ "అత్తయ్యగారూ" అంటూ మందులు టైముకి తెచ్చిచ్చాడు. అలాంటివాడికి కూడా ఇంటి బయటి సంగతి అనేసరికి అది తనదీ, కాంట్రాక్టరుదీ అనిపించింది. వంటిల్లు ఎలా ఉండాలో ఆడవాళ్ళు చెప్పాలి, రాయీ, మట్టీ, సిమెంటూ మగవాళ్ళు చూసుకోవాలి. ఈ పంపకం తెనాలిలోనూ ఉంది, మిన్నెసోటాలోనూ ఉంది. కాంట్రాక్టర్ల పుస్తకాలు చూడండి. ఒక్క బొమ్మలోనూ మంచు ఉండదు. అన్నీ జూన్ నెల సాయంత్రాలే. ఆ వాతావరణంలో అలాంటి సాయంత్రాలు ఏడాదికి మూడు, నాలుగు నెలలకి మించవు. మిగతా నెలల్లో ఆ ఇంటి బయట ఎవరు తిరుగుతారో, ఏం మోస్తారో, ఎక్కడ జారతారో ఆ పుస్తకంలో లేదు.

సరే, ప్యాటియో అయినా నిలిచిందా అంటే అదీ లేదు. నేను మార్చిలో తిరిగొచ్చేశాను. ఏప్రిల్‌లో మంచు కరిగాక మా అమ్మాయి వీడియోలో చూపించింది. పలకలు మూడుచోట్ల గుమ్మడికాయ పెట్టినట్టు ఉబ్బాయి, ఒకచోట కుంగాయి, గోడ ముందుకి వాలింది. మొదటి చలికాలానికే.

ఎందుకలా అయిందో తెలుసుకుంటే మనకి కొత్తగా ఏమీ అనిపించదు. మా గుంటూరు వైపు నల్లరేగడి నేల మీద ఇల్లు కట్టేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. వాన పడితే నేల ఉబ్బుతుంది, ఎండాకాలం చేతులు దూరేంత బీటలు తీస్తుంది, పైన పరిచిన గచ్చు అటూ ఇటూ అవుతుంది. అందుకే మన మేస్త్రీలు ఆ రేగడి తవ్వి తీసేసి, గ్రావెలో ఇసకో నింపి, నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టి, అప్పుడు పైన నాపరాయి పరుస్తారు. అక్కడ ఉబ్బించేది వాన కాదు, చలి. నీరు గడ్డకడితే ఇంచుమించు నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, మెత్తటి ఒండ్రుమట్టి కింది నుంచి నీళ్ళని దీపంవత్తి నూనె లాగినట్టు పైకి లాగుతుంది. అలా లాగిన నీళ్ళు నేలలో పొరలు పొరలుగా మంచుపలకలవుతాయి. అవి పైనున్న దేన్నయినా ఎత్తేస్తాయి. వసంతంలో అవి కరిగితే కింద బురద, పైన గొయ్యి.

మిన్నెసోటా దక్షిణభాగంలో ఇంటి పునాదులు, డెక్ స్తంభాలు కనీసం 42 అంగుళాల లోతుకి దింపాలని, ఉత్తరభాగంలో 60 అంగుళాలని అక్కడి భవన నియమాలు చెబుతాయి. నేల అంతలోతుదాకా గడ్డకడుతుందని లెక్క. ప్యాటియోకి, నడకదారికి అంత పునాది ఎవరూ వెయ్యరు, వెయ్యక్కర్లేదు. కాని వాటి కింద నీరు నిలవకుండా చూడాలి. మట్టి తవ్వి తీసేసి, అడుగున గట్టి బట్టలాంటి తెర పరిచి, దాని మీద పదునైన కంకర పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరనీ యంత్రంతో దిమ్మిస కొట్టి, పైన ఒక అంగుళం ఇసుక వేసి పలకలు పరచాలి. అంచులు జరగకుండా పట్టీ బిగించాలి. ఇంటి గోడకి దూరంగా, అడుగుకి పావు అంగుళం చొప్పున నీటి వాటం ఇవ్వాలి. అంతవరకూ మన మేస్త్రి కూడా చెప్పగలిగినదే.

రెండో కాంట్రాక్టరొచ్చి పలకలు లేపి చూస్తే కింద కంకర మూడు అంగుళాలు కూడా లేదట. కనిపించే రాతికి డబ్బిచ్చారు, కనిపించని రాతిని మొదటి కాంట్రాక్టరు మిగుల్చుకున్నాడు. అదృష్టమేమిటంటే, విడి పలకలు కాబట్టి మళ్ళీ తీసి పరచుకోవచ్చు. ఏకంగా పోసిన కాంక్రీటు అయితే పగిలినచోట పగిలినట్టే, పగలగొట్టి పారెయ్యాలి. నన్నడిగితే మంచు ప్రాంతంలో విడి పలకలే మేలు. అయితే మంచు తోసే పార ఎగుడుదిగుడు పలక అంచుకి తగిలి మణికట్టు జివ్వుమంటుంది, అందుకని సమంగా పరిచినవే అయ్యుండాలి. చిన్న దారికి కాంక్రీటే పోయించుకుంటామంటే, కలిపేటప్పుడే కంటికి కనపడని గాలిబుడగలు ఉండేలా మందు కలిపిన రకం అడగాలి. లోపలి నీళ్ళు గడ్డకట్టి పెరిగినా ఆ ఖాళీల్లో సర్దుకుంటాయి. ఇది ఆ దేశాల్లో ప్రతి కాంక్రీటు వ్యాపారికీ తెలిసిన విషయమే. ఇంటావిడ కూడా అడిగితే కిమ్మనకుండా అదే పోస్తాడు.

రాతి విషయంలో నేనూ ఒక పొరపాటు సలహా ఇచ్చాను. "మన మాచర్ల నాపరాళ్ళలాంటివి అక్కడ దొరకవా, అవే పరిపించండి" అన్నాను. దొరుకుతాయి. ఆ రాష్ట్రంలోనే కసోటా అని తేనెరంగు సున్నపురాయి ఉంది. వాషింగ్టన్‌లో 2004లో తెరిచిన అమెరికన్ ఇండియన్ల జాతీయ మ్యూజియానికి తొడిగిన రాయి అదే. కాని ఏ రాయైనా సరే, నీళ్ళు పీల్చుకునే రకమైతే నాలుగు చలికాలాలకి పొరలు పొరలుగా లేచిపోతుంది. నున్నగా పాలిష్ పట్టినదైతే మరీ ప్రమాదం. మన ఇళ్ళలో ముఖం కనిపించే గ్రానైటు అంటే మనకి మోజు. ఆ మోజు మంచుదేశపు మెట్ల మీద పెట్టుకుంటే తుంటి ఎముక మీదికొస్తుంది.

ఇక ఉప్పు సంగతి. మంచు కరగడానికి అక్కడ ఉప్పు చల్లుతారు. చల్లడమంటే మనం పులుసులో వేసినట్టు కాదు, బస్తాలకి బస్తాలు. మామూలు ఉప్పు సున్నాకి ఓ తొమ్మిది డిగ్రీలు దిగువకి పోయాక సరిగ్గా పనిచెయ్యదు. జనవరి రాత్రుల్లో అక్కడ చలి అంతకన్నా దిగువకే పోతుంది. పనిచెయ్యడం లేదని ఇంకా ఇంకా పోస్తారు. అది కాంక్రీటు పైపొరని తినేస్తుంది, దారిపక్క గడ్డినీ మొక్కల్నీ మాడుస్తుంది, కరిగి చెరువుల్లోకి పోతుంది. ఒక్క టీచెంచా ఉప్పు ఐదు గ్యాలన్ల నీళ్ళని, అంటే మన లెక్కలో దాదాపు 19 లీటర్లని, శాశ్వతంగా పాడుచేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ జనానికి చెబుతూ ఉంటుంది. చెరువులకి పేరుపడ్డ రాష్ట్రం మరి. ముందు పారతో శుభ్రంగా తీసి, తరవాత పట్టుకోసం కాస్త ఇసక చల్లుకుంటే చాలా రోజులు గడిచిపోతుంది. ఇసక కూడా వసంతంలో ఊడ్చుకోవాలి, అది వేరే సంగతి. అసలు దారి మీదికి నీళ్ళే రాకుండా వాటం చూసుకుంటే ఉప్పు గొడవే సగం ఉండదు.

తీసిన మంచు ఎక్కడ పోస్తారో కూడా ఎవరూ ఆలోచించరు. మా అమ్మాయి ఇంట్లో దారికి రెండువైపులా అందంగా పొదలు పెట్టారు. మంచు పొయ్యడానికి చోటు లేదు. పోస్తే పొదలు విరుగుతాయి, పొయ్యకపోతే దారి రోజురోజుకీ సన్నబడుతుంది. ఫిబ్రవరికల్లా మూడడుగుల దారి అడుగున్నర అయింది. అలాగే గాలికి అడ్డంగా ఉత్తరం, పడమర దిక్కుల్లో దేవదారు జాతి చెట్లు పెడితే ఇల్లు వెచ్చగా ఉంటుంది. చెట్టు పూర్తిగా ఎదిగాక ఎంత ఎత్తు ఉంటుందో దానికి రెండు నుంచి ఐదు రెట్ల దూరంలో పెట్టమని చెబుతారు. తొందరపడి కారుదారి పక్కనే పెడితే గాలి తెచ్చిన మంచంతా ఆ చెట్ల వెనక, అంటే సరిగ్గా మన కారు ముందు, కుప్పపోస్తుంది.

మొక్కలంటే నాకు ప్రాణం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. అమెరికా వ్యవసాయశాఖ చలిని బట్టి దేశాన్ని మండలాలుగా విడగొట్టి ఒక పటం వేసింది. 2023లో కొత్తది విడుదల చేస్తే మిన్నియాపొలిస్ ప్రాంతం చాలావరకు అర మండలం వెచ్చటి వైపుకి జరిగింది. అయినా అక్కడ బతకాలంటే ఆ మొక్క సున్నాకి 26, 29 డిగ్రీల దిగువ చలిని తట్టుకోవాలి. నర్సరీవాడు జూన్‌లో చూపించే పూలు చూసి కొంటే నవంబరు నుంచి పుల్లలే. నేను ఆరువారాలు ఆ వంటింటి కిటికీలోంచి తెల్లటి మంచునీ బూడిదరంగు కంచెనీ చూస్తూ కూర్చున్నాను. మనసు ఎంత దిగులు పడుతుందో అలా కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. బాలింతకి ఇంకా కష్టం. ఎదురింటివాళ్ళ పెరట్లో మాత్రం ఎర్రటి కొమ్మల పొద ఒకటి ఉండేది, డాగ్‌వుడ్ అంటారు. ఆకులు రాలాక ఆ కొమ్మలు కుంకుమరంగులో మంచు మీద వెలిగేవి. పక్కన తెల్లటి బెరడు బిర్చ్ చెట్టు, చిట్టి ఆపిల్ కాయలు ఎండి వేలాడే క్రాబాపిల్ చెట్టు, వాటి కోసం వచ్చే పిట్టలు. ఆ పెరడు వేసిన ముసలావిడ చలికాలాన్ని దృష్టిలో పెట్టుకుని వేసింది, కిటికీకి ఎదురుగా వేసింది. నాకు పుణ్యం దక్కింది.

మా వాళ్ళు కంచెపొడుగునా పెట్టించిన ఆర్బర్‌వైటీలు మార్చికల్లా ఒకవైపంతా గోధుమరంగుకి మాడిపోయాయి. నేల గడ్డకట్టి వేళ్ళకి నీళ్ళందవు, చలిగాలీ ఎండా ఆకుల్లోని తడి లాగేస్తాయి. నవంబరులో గోనెపట్టా కట్టాలట. గోనె కట్టి బతికించుకునే చెట్టు అందం కోసమేమిటో నాకు అర్థం కాదు. చిన్న చెట్ల బెరడు కుందేళ్ళు కొరికేశాయి. ఒక్క ఆపిల్ మొక్క నిలిచింది. హనీక్రిస్ప్ అని, మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ చలికి తట్టుకునేలా తయారుచేసి 1991లో విడుదల చేసిన రకం.

మన మొక్కల గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. అక్కడ మే మధ్యనుంచి సెప్టెంబరు ఆఖరుదాకా నేల మనది. తోటకూర, మెంతికూర సుఖంగా వస్తాయి. గోంగూర, ఆనపకాయ కావాలంటే ఏప్రిల్‌లో ఇంట్లోనే నారు పోసుకోవాలి. కరివేపాకు కుండీ సెప్టెంబరులో లోపలికి వచ్చెయ్యాలి. మా అమ్మాయి తులసమ్మని లోపలికి తెచ్చింది గాని, వేసవిలో తులసి పెట్టిన పెద్ద మట్టికుండీని ప్యాటియో మీదే వదిలేసింది. మట్టి పీల్చిన నీళ్ళు గడ్డకట్టి కుండీ నిలువునా రెండుగా చీలింది. నేను వెళ్ళిన కొత్తలో సిమెంటు తులసికోట కట్టించమని పట్టుబట్టాను. ఇప్పుడు తగ్గాను. చక్రాల పీట మీద తేలికపాటి కుండీ, అదే అక్కడి తులసికోట.

పెరడు అంటే ఎందుకు ఇంత గడ్డి, ఇంత ప్రదర్శన అని అడిగితే "ఇరుగుపొరుగు ఏమనుకుంటారు" అంటారు మనవాళ్ళు కూడా. అమెరికాలో ఇళ్ళ ముందు కంచె లేని పచ్చిక ఉండాలన్న భావన పాతది. 1870లో ఫ్రాంక్ స్కాట్ అనే ఆయన శివారు ఇళ్ళ తోటల మీద పెద్ద పుస్తకమే రాసి, మన పచ్చిక పొరుగువాళ్ళ కళ్ళకి దాచడం సభ్యత కాదన్నాడు. ఇప్పుడు గాలి మారుతోంది. మిన్నెసోటా ప్రభుత్వం 2019లో పచ్చిక తీసి తేనెటీగలకి పనికొచ్చే స్థానిక మొక్కలు పెట్టేవాళ్ళకి సాయం చేసే పథకం పెట్టింది. అయినా కాలనీ సంఘాల నియమాలు వేరేగా ఉంటాయి, ముందువైపు కూరమొక్క పెడితే ఉత్తరం వచ్చే చోట్లూ ఉన్నాయి. సంతకం పెట్టేముందు ఆ కాగితాలు ఇంటావిడ కూడా చదవాలి.

"ఇదంతా ఆడవాళ్ళకేం తెలుస్తుందండీ" అనేవాళ్ళకి బియాట్రిక్స్ ఫారండ్ పేరు చెప్పాలి. 1899లో అమెరికాలో తోటల నిర్మాణం చేసే వృత్తి నిపుణులు సంఘం పెట్టుకున్నప్పుడు స్థాపక సభ్యుల్లో ఉన్న ఏకైక స్త్రీ ఆవిడ. మెయిన్ రాష్ట్రం సముద్రపుటొడ్డున, చలి గడగడలాడించే చోట, బతుకంతా తోటలు వేసింది.

అలాగే మిషిగన్ రాష్ట్రంలో హాలండ్ అనే చిన్న ఊరుంది. 1988 నుంచి ఆ ఊరి బజారు కాలిబాటల కింద గొట్టాలు వేసి, విద్యుత్ కేంద్రంలో వృథాగా పోయే వేడినీళ్ళు వాటిలో పారిస్తున్నారు. ఎంత మంచు పడ్డా నేల మీద నిలవదు. ముసలివాళ్ళు కర్ర పట్టుకుని షాపులకెళతారు. ప్రతి ఇంటికీ అలా చేసుకోమని నేననను, దాని ఖర్చు ప్యాటియోని మించిపోతుంది. కాని ఒక ఊరు డబ్బు పెట్టాలనుకున్నప్పుడు ఫౌంటెన్ మీద కాక కాలిబాట మీద పెట్టింది చూశారా, అదీ నాకు నచ్చింది.

మా అల్లుడితో ఈ మాటలన్నీ 2024 వేసవిలో మళ్ళీ వెళ్ళినప్పుడు అన్నాను. అతను ఊరికే ఒప్పుకోలేదు. "అత్తయ్యగారూ, ఎనిమిది నెలలు లోపలే ఉంటాం. ఉన్న నాలుగు నెలలూ నలుగురితో బయట కూర్చోవాలనిపించదా? రేపు ఇల్లు అమ్మితే కొనేవాళ్ళు చూసేది కూడా అదే" అన్నాడు. అందులో న్యాయం ఉంది. ఆ వేసవిలో చలిమంట చుట్టూ కూర్చుని అర్ధరాత్రిదాకా పాత పాటలు పాడిన వాళ్ళలో నేనూ ఉన్నాను. వేడుక వద్దని కాదు బాబూ, వరస గురించి నా గొడవ అన్నాను. ముందు నీళ్ళ దారి, తరవాత మనుషుల దారి, ఆ తరవాత కిటికీలోంచి కనిపించేది, డబ్బు మిగిలితే చలిమంట. ఆ వరసలో పడితే పద్ధెనిమిదివేలు ఒకేసారి పొయ్యక్కర్లేదు, ఏడాదికింత చొప్పున చేసుకోవచ్చు. కొనేవాళ్ళకి కూడా కాళ్ళుంటాయి కదా అన్నాను. నవ్వాడు.

ఈసారి గీత మా అమ్మాయి గీసింది. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే మనుషులొచ్చి నేలలో తీగలూ గొట్టాలూ ఉన్నచోట రంగు జెండాలు గుచ్చి వెళ్ళారు. గ్యాస్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు, నీళ్ళకి నీలం. పెద్దాడు తన పుట్టినరోజుకనుకున్నాడు. దారి ఐదడుగుల వెడల్పయింది, పిల్లల బండీ పక్కన మనిషీ పట్టేలా. కింద పది అంగుళాల కంకర పోశారు. ఒక్కో పొర దిమ్మిస కొట్టేటప్పుడు మా అమ్మాయి బిడ్డనెత్తుకుని టేపు పెట్టి కొలుస్తూ నిలబడింది. కాంట్రాక్టరు మొదట నవ్వాడు, రెండో రోజు నుంచి తనే పిలిచి కొలిపించాడు. చూరు గొట్టం పక్కకి తిరిగింది. ఒకవైపు పొదలు తీసేశారు, అక్కడ మంచు పోసుకోవచ్చు. గుమ్మం ముందు మూడు మెట్లూ ఒకే ఎత్తుకి వచ్చాయి, ఒకపక్క పట్టుకోడానికి కమ్మీ, చీకటిపడగానే వెలిగే దీపం. వంటింటి కిటికీ ఎదురుగా రెండు ఎర్రకొమ్మల పొదలు. ఎదురింటి ముసలావిడే కొమ్మ ఇచ్చి నాటించింది. ప్యాటియో సగానికి తగ్గింది. మిగిలిన పలకలే ముందుదారికి సరిపోయాయి.

ఈ చలికాలం మా వియ్యపురాలు వెళుతున్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మొన్న అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, మెట్ల దగ్గర రెండోవైపు కూడా కమ్మీ పెట్టించమంటావా? ఒకటి చాలు కదా అంటున్నారు ఈయన" అంది.

"పెట్టించు" అన్నాను. "మీ అత్తగారిది ఎడమచేతి వాటం."